ఇరువదిమూడు ఎత్తుల ఆట

చదరంగమునకు చరిత్ర వ్రాయువారు తఱచుగా బిరుదుల చరిత్రయే వ్రాయుదురు. ఏ సంవత్సరమున ఎవరు ఎవరిని గెలిచి జగజ్జేత యయ్యెను, ఎవరు ఓడి బిరుదు పోగొట్టుకొనెను అని చెప్పుటతో వారి పని తీరిపోవును. ఆటలకును వంశవృక్షములు కలవనియు, ఒక ఊరిలో ఒకనాడు ఒకడు పట్టిన త్రోవ నూరేండ్ల పిమ్మట వేరొక దేశమున మరల చిగురించుననియు చూపువారు తక్కువ. అట్టి వంశవృక్షము నొకదానిని ఈ వ్యాసమున పరిశీలింతము. దాని చివరికొమ్మ 2013 జనవరి 15వ తేదీన హాలండు దేశములోని వైక్ ఆన్ జే గ్రామమున విశ్వనాథన్ ఆనందు నల్లపావులతో లెవాన్ అరోనియనుపై గెలిచిన ఆట. మన ఇండ్లలో అది కనుమనాడు. ఇరువదిమూడవ ఎత్తుతో అరోనియను ఓటమి నంగీకరించెను.

ఆ పందెమును గూర్చి ముందొక మాట చెప్పవలయును. ఉద్యోగుల సంఘములవారికి అది వినదగినది. దానిని స్థాపించినది రాజులు కారు, ధనికుల క్లబ్బు కాదు. 1938లో బెవర్‌వైక్ పట్టణమున హోగోవెన్స్ ఉక్కు కర్మాగారపు చదరంగ సంఘమువారు తమలో తాము ఆడుకొనుటకు దాని నారంభించిరి. యుద్ధము ముగిసిన మరుసటి ఏట, అనగా 1946లో, తిండికి కొఱతగానున్నందున ముగింపు విందులో బఠాణీల చారు వడ్డించిరి. కొఱత తీరిపోయినను ఆ చారు మాత్రము పోలేదు. 1968లో పందెము సముద్రపుటొడ్డుననున్న వైక్ గ్రామమునకు మారెను. కర్మాగారము చేతులు మారి 2007లో టాటాల వశమయ్యెను. 2011 నుండి పందెమునకు వారి పేరే. ఒకవైపు జగద్విఖ్యాతులు ఆడుచుండగా అదే హాలులో వందలకొలది సామాన్యులు కూడ తమ తమ బల్లల ముందు కూర్చుండి తలలు పట్టుకొందురు. 2013 నాటిది 75వ పందెము. అగ్రశ్రేణిలో ఆడిన పదునలుగురిలో మన గుంటూరు వాడైన పెంటేల హరికృష్ణ కూడ ఉండెను.

ఆనందు అప్పటికి జగజ్జేత. అయినను ఆతని పేరు చెప్పినప్పుడు పెదవి విఱచువారు ఆ రోజులలో తక్కువ కారు. 2011లో మాస్కోలో జరిగిన తాల్ స్మారక పందెములో ఆతడు ఆడిన తొమ్మిది ఆటలును సమముగనే ముగిసినవి. 2012 మే నెలలో బోరిస్ గెల్ఫాండుతో బిరుదుకొఱకు ఆడిన పన్నెండు ఆటలలో చెఱి ఆఱు పాయింట్లు రాగా, వేగపు ఆటలలో రెండున్నర ఒకటిన్నరగా గెలిచి బిరుదు నిలుపుకొనెను. నలువదిమూడేండ్ల వానికి ఇక కత్తి మొద్దువాఱినదని అనేకులు తీర్మానించిరి. ఎదుట కూర్చున్న అరోనియను ఆర్మీనియా దేశస్థుడు, ముప్పదియేండ్లవాడు, ప్రపంచమున మొదటి నలుగురిలో ఎన్నదగినవాడు. పైగా తెల్లపావులు ఆతనివే.

పాఠకులు బల్లను ముందుంచుకొని చదివినచో ఈ క్రింది భాగము సుబోధమగును. మన పెద్దలు అరుగులమీద ఆడిన నాటుపద్ధతిలో బంటు మొదటినుండియు ఒక్కొక్క గడియే నడచును. ఇది ఐరోపా పద్ధతి. తెల్లవారి ఎడమచేతి నుండి నిలువు వరుసలను ఎ మొదలు హెచ్ వఱకు పిలిచి, అడ్డువరుసలను తెల్లవారి వైపు నుండి 1 మొదలు 8 వఱకు లెక్కింతురు. పదునొకండవ ఎత్తు ముగియునప్పటికి తెల్లరాజు జి1లో, మంత్రి సి2లో, ఏనుగులు ఎ1, ఎఫ్1లలో, శకటులు సి1, డి3లలో, గుఱ్ఱములు సి3, ఎఫ్3లలో ఉన్నవి. బంట్లు ఎ3, బి2, డి4, ఇ3, ఎఫ్2, జి2, హెచ్2. నల్లరాజు జి8లో, మంత్రి డి8లో, ఏనుగులు సి8, ఎఫ్8లలో, శకటులు బి7, డి6లలో, గుఱ్ఱములు డి7, ఎఫ్6లలో ఉన్నవి. బంట్లు ఎ7, బి5, సి6, ఇ6, ఎఫ్7, జి7, హెచ్7. బలములు సమానము. ఇంతవఱకు వచ్చిన దారికి మెరాన్ విధానమని పేరు. ఆ పేరును గుర్తుంచుకొనవలయును. దానితో మరల పని కలదు.

పండ్రెండవ ఎత్తుగా అరోనియను ఎఫ్3లోని గుఱ్ఱమును జి5కు దుమికించెను. నల్లరాజు ముంగిటనున్న హెచ్7 బంటుపై అప్పటికే తెల్లమంత్రియు శకటును ఒకదాని వెనుక ఒకటి నిలిచి గుఱిపెట్టియున్నవి. ఇప్పుడు గుఱ్ఱము కూడ తోడైనది. ఎవడైనను ఆ బంటును కాచుకొనును. ఆనందు కాచుకొనలేదు. సి6 బంటును సి5కు జరిపెను. హెచ్7 నీదే, తీసికొమ్మనుటయే దాని అర్థము. ఆ ఒక్క బంటు కదలుటతో బి7లో మూతపడి కూర్చున్న శకటుకు తెల్లరాజు ఇంటివఱకు కర్ణమార్గము తెఱచుకొన్నది. ఆట చివఱిదాక ఈ శకటు ఒక్క గడియైనను కదలదు. ఆటను గెలిపించువానిలో అదియే ముఖ్యము.

గుఱ్ఱము హెచ్7 బంటును తినెను. తిన్నచోటనే నిలిచి ఎఫ్8లోని ఏనుగును బెదరించుచున్నది. ఆనందు ఆ గుఱ్ఱమును ముట్టక తన ఎఫ్6 గుఱ్ఱమును జి4కు పంపెను. డి6 శకటును, ఈ గుఱ్ఱమును కలిసి హెచ్2 బంటుపై పడుచున్నవి గనుక అరోనియను ఎఫ్2 బంటును రెండు గడులు నడపి ఎఫ్4లో అడ్డుపెట్టెను. ఒక తలుపు మూసిన చేయియే మఱియొక తలుపు తెఱచినది. ఎఫ్2 ఖాళీ యగుటతో ఎ7 నుండి జి1 వఱకు పోవు కర్ణము బలహీనమైనది. నల్లబంటు డి4లో తినెను, ఇ3 బంటు దానిని మరల తినెను. అంతట ఆనందు డి6 శకటును సి5లో, డి4 బంటు నోటియెదుట, పెట్టెను. ఆ శకటును తిన్నచో డి7 గుఱ్ఱము సి5లో తిని డి3 శకటుపై లేచును. డి వరుస తెఱచుకొనగా మంత్రి డి4లో దిగి రాజుకు చెక్ చెప్పును. ఆ దారి మంచిది కాదని యెంచి అరోనియను డి3 శకటును ఇ2కు వెనుకకు లాగి జి4 గుఱ్ఱమునకు గుఱిపెట్టెను.

పదునాఱవ ఎత్తు ఈ ఆటకు గుండెకాయ. ఆనందు డి7 గుఱ్ఱమును తెచ్చి ఇ5లో దింపెను. అచ్చట దానిని డి4 బంటైనను తినవచ్చును, ఎఫ్4 బంటైనను తినవచ్చును. ఒకసారి బల్ల చూడుడు. సి5 శకటు బంటు వాతనున్నది. ఇ5 గుఱ్ఱము రెండు బంట్ల వాతనున్నది. జి4 గుఱ్ఱము శకటు గుఱిలోనున్నది. ఎఫ్8 ఏనుగు గుఱ్ఱము గుఱిలోనున్నది. నాలుగు పావులను ఒక్కసారిగా శత్రువు ఎదుట పఱచి, ఏది కావలయునో కోరుకొమ్మనెను. ఎఫ్4 బంటుతో గుఱ్ఱమును తిన్నచో ఏమగునో చూడుడు: నల్లమంత్రి డి4 బంటును తిని చెక్ చెప్పును, రాజు హెచ్1 మూలకు పోవును, మంత్రి సి5 శకటు అండతో జి1లోనికే పోయి మరల చెక్ చెప్పును, రాజు దానిని తినలేడు, ఏనుగు తినక తప్పదు, అప్పుడు జి4 గుఱ్ఱము ఎఫ్2కు దుమికిన ఆటకట్టు. తన ఏనుగు, తన రెండు బంట్ల నడుమ ఊపిరాడక రాజు పట్టుబడును. మంత్రిని ధారపోసి గుఱ్ఱముతో కట్టు ఈ కట్టు ప్రాచీనమైనదే. కాని అది ప్రపంచమున మొదటి నలుగురిలో నొకని యింటి ముంగిట వచ్చి నిలుచుట అపురూపము.

అరోనియను శకటుతో జి4 గుఱ్ఱమును తినెను. నల్లశకటు డి4 బంటును తిని చెక్ చెప్పగా రాజు హెచ్1కు పోయెను. ఇ5 గుఱ్ఱము జి4లోని తెల్లశకటును తినెను. తెల్లగుఱ్ఱము ఎఫ్8 ఏనుగును తినెను. ఇప్పుడు ఆ గుఱ్ఱమును నల్లరాజైనను మంత్రియైనను తినవచ్చును. ఆనందు తినలేదు, ఎఫ్7 బంటును మెల్లగా ఎఫ్5కు నడిపెను. నా దృష్టిలో ఈ ఆటయందు అన్నిటికంటె గొప్ప ఎత్తు ఇదియే. పదునాఱవ ఎత్తును చూచి చప్పట్లు కొట్టువారు వేయిమంది యుందురు, దీనిని చూచి నిట్టూర్చువారు పదిమంది యుందురు. ఒక ఏనుగు పోయి, మరల తినవలసిన గుఱ్ఱము ఎదుటనుండగా, బంటును నడపుట కెంత నిబ్బరము కావలయును! మంత్రి వెంటనే హెచ్4కు పరుగెత్తియున్నచో తెల్లమంత్రి హెచ్7లో చెక్ చెప్పి మంత్రులను మార్పించి బ్రదికిపోయెడిది. ఎఫ్5 బంటు ఆ దారిని మూసెను; జి4 గుఱ్ఱమునకు కాపుకూడ అయ్యెను.

తక్కినది త్వరలో ముగిసినది. తెల్లగుఱ్ఱము హెచ్4ను కాచుటకై జి6కు వచ్చెను. నల్లమంత్రి ఎఫ్6కు వచ్చి దానిపై కన్నువేసెను. తెల్లబంటు హెచ్3కు జరిగెను. మంత్రి గుఱ్ఱమును తినెను. జి4 గుఱ్ఱమును హెచ్3 బంటు తిన్నచో మంత్రి హెచ్6కు వచ్చుటతో ఆటకట్టు. తెల్లమంత్రి ఇ2కు రాగా నల్లమంత్రి హెచ్5కు వచ్చెను. హెచ్3 బంటుపై మంత్రి పడిన, బి7 శకటు మూలమున కట్టుబడియున్న జి2 బంటు దానిని తినజాలదు. కనుక తెల్లమంత్రి డి3కి వచ్చి మూడవ అడ్డువరుస వెంట హెచ్3ను కాచుచు, డి4 శకటుపై గుఱిపెట్టెను. ఆనందు ఆ శకటును ఇ3లో, మంత్రికిని హెచ్3కును నడుమ, నిలిపెను. కాపు తెగినది. శకటుతో దానిని తిన్నను కాపు తెగియే యుండును. మంత్రితో తిన్నచో నల్లగుఱ్ఱము మంత్రిని హరించును. అరోనియను చేయి చాచెను.

ఈ ఆటపై ఒక ఆక్షేపణ కలదు, దానిని దాటవేయరాదు. ఈ ఎత్తుల వరుసను తాను గెల్ఫాండుతోడి పోటీకై సిద్ధపఱచుకొన్నదని ఆట పిమ్మట ఆనందే చెప్పెను. మాస్కోలో దానిని వాడు అవసరము రాలేదు. ఎనిమిది నెలల పిమ్మట వైక్‌లో ఎదుటివాడు తానై ఆ దారికి వచ్చెను. అట్లయిన ఇది బల్లముందు పుట్టిన ఆట కాదు, ఇంట వండి తెచ్చిన వంట గదా, సహాయకులును గణనయంత్రములును కూడి చేసిన దానికి ఒక్కనికే కీర్తి యేల అని కొందఱందురు. మాటలో కొంత నిజము కలదు. ఇప్పటి జగజ్జేతలెవ్వరును ఒంటరిగా ఆడరు. ఆనందుకును బిరుదు పోటీలలో సహాయకబృందము కలదు. అందులో కలకత్తా వాడైన సూర్యశేఖర గంగూలీ కూడ ఒకడు. కాని ఎనిమిది నెలలలో నూఱు దారులు చదివినవానికి ఆ నూటిలో ఇది ఏదియో, ఇందులో ఏ మెట్టు ఏ మెట్టు తరువాతనో, గడియారము నడుచుచుండగా జ్ఞప్తికి తెచ్చుకొనుట చిన్నపని కాదు. వంట ఇంటిదే కావచ్చును. విస్తరి మాత్రము అచ్చటనే వేయవలసియుండెను. ఇంతకంటె ముఖ్యమైన మాట ఇంకొకటి కలదు. ఇంటివంట అనుచున్నారే, ఆ వంటయందలి తిరుగమోత ఎక్కడిది? అది తెలియవలెనన్న ఇంకొక నూఱేండ్లు వెనుకకు పోవలయును.

1907వ సంవత్సరము. పోలండు అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలోనున్నది. లోడ్జ్ నగరము నూలుమిల్లుల పొగతో నిండియుండెను. యూదులు పెద్దసంఖ్యలో నివసించిన ఆ ఊరిలో చదరంగము మిక్కిలి వాడుకలో నుండెను. 1880లో స్టావిస్కి అను చిన్న ఊరిలో పుట్టి, మతశాస్త్రములు చదువవలసిన ఆకిబా రూబిన్‌స్టీన్ ఆ చదువు విడిచి లోడ్జ్ చేరి, అచ్చటి ప్రముఖుడైన సాల్వేతో ఆడి ఆడి ఆటను పదనుపెట్టుకొనెను. అక్కడనే గెర్ష్ రోట్లెవి అను పదునెనిమిదేండ్ల యువకునితో నల్లపావులతో ఆడిన ఆట చదరంగ గ్రంథములలో చిరస్థాయిగా నిలిచినది. రోట్లెవి తన మంత్రిని, శకటును రెండేసి మాఱులు కదపి కాలము పోగొట్టుకొనెను. రూబిన్‌స్టీన్ శకటులు బి7లోను బి6లోను నిలిచి రెండు కర్ణములనుండి తెల్లరాజుపై చూపు నిలిపినవి. గుఱ్ఱము జి4కు వచ్చినది, మంత్రి హెచ్4కు వచ్చినది. మంత్రిపై జి బంటు లేవగా రూబిన్‌స్టీన్ దానిని కాపాడుకొనలేదు. సి8 ఏనుగుతో సి3 గుఱ్ఱమును తినెను. మంత్రి పోయెను. వెంటనే రెండవ ఏనుగును తెల్లమంత్రి ఎదుట డి2లో పెట్టెను. ఇరువదియైదవ ఎత్తుగా మొదటి ఏనుగు హెచ్3కు రాగా హెచ్2లో కట్టు తప్పించు దారి లేక రోట్లెవి ఆట విడిచెను.

రెండు ఆటలను ప్రక్కప్రక్కన పెట్టిచూచినచో పోలిక కన్నులకు కట్టును. బి7 శకటు, జి1 కర్ణముపై రెండవ శకటు, జి4 గుఱ్ఱము, హెచ్ వరుసలో మంత్రి, మూలకు నెట్టబడిన తెల్లరాజు. చదరంగ విమర్శకులు ఆ పోలికను 2013 జనవరిలోనే గుర్తించిరి. కాని బంధుత్వము ఇంతటితో ఆగలేదు. మెరాన్ విధానమను పేరును గుర్తుంచుకొనుడని పైన చెప్పియుంటిని. ఇటలీ ఉత్తరభాగమున మెరానో అను పట్టణము కలదు. 1924లో అచ్చట జరిగిన పందెములో గ్రున్‌ఫెల్డుపై నల్లపావులతో ఆ విధానము నాడి గెలిచినవాడును రూబిన్‌స్టీనే. ఆ ఊరి పేరే విధానమునకు నిలిచినది. సి4లో బంటును తిని, బి5కు బంటును త్రోసి, బి7లో శకటును కూర్చుండబెట్టి, సమయము చూచి సి5తో దానికి వెలుగు చూపుట అందలి మర్మము. ఆనందు పండ్రెండవ ఎత్తు చేసినది అక్షరాల అదియే. యంత్రములు లెక్కలు సరిచూచినవి; ఆలోచన మాత్రము పాతది.

ఆ ఆలోచన నిచ్చినవానికి లోకము ఇచ్చినది తక్కువ. 1912లో రూబిన్‌స్టీన్ ఐదు పందెములలో ప్రథముడుగా నిలిచెను. జగజ్జేత లాస్కరుతో పోటీ నిశ్చయమై 1914లో జరుగవలసియుండగా మహాయుద్ధము వచ్చిపడినది. అది మరల కుదరలేదు. మనోవ్యాధి పెరిగి 1932 తరువాత ఆతడు పందెములనుండి తప్పుకొనెను. రెండవ యుద్ధకాలమున బెల్జియములో నుండి ప్రాణములు దక్కించుకొనెను. 1950లో ప్రపంచ సమాఖ్య మొట్టమొదటిసారిగా ఇరువదియేడుగురికి గ్రాండ్‌మాస్టర్ బిరుదు నిచ్చినప్పుడు ఆతని పేరు కూడ చేర్చిరి. అప్పటికాతడు పందెము లాడుట మాని పదునెనిమిదేండ్లైనది. 1961లో ఆంట్వెర్ప్ నగరమున కన్నుమూసెను. ఆతడు ఆట నేర్చిన లోడ్జ్ యూదుల సమాజమునకు ఆ మాత్రపు భాగ్యము కూడ లేకపోయినది. 1940లో నాజీలు అచ్చట లక్షన్నరకు పైబడిన జనమును ముండ్లతీగల నడుమ బంధించిరి. 1945 జనవరిలో సోవియట్ సేనలు ప్రవేశించునాటికి ఆ చోట మిగిలినవారు వేయిమంది కూడ లేరు.

ఓడినవారిని గూర్చి రెండు మాటలు చెప్పి ముగింతును. ఇట్టి ఆటలలో గెలిచినవానికి కీర్తియు, ఓడినవానికి అపఖ్యాతియు వంతులుగా వచ్చును. కాని బలహీనునిపై ఇట్టి ఆట కుదరదు. అతడు పదియవ ఎత్తుననే ఎందులోనో చిక్కుకొని ఆటను పాడుచేయును. రోట్లెవి లోడ్జ్ ఓటమి తరువాత నాలుగేండ్లకు, 1911లో, కార్ల్స్‌బాడు మహాపందెమున ఇరువదియాఱుగురిలో నాలుగవవాడుగా నిలిచెను. టైక్‌మన్, రూబిన్‌స్టీన్, ష్లెక్టర్ మాత్రమే ఆతని ముందుండిరి. అటుపిమ్మట జబ్బుపడి ఆట మానుకొని, 1920లో, ముప్పదియొక్క యేండ్లకే, గతించెను. ఇక అరోనియను. వైక్ పందెము ముగియునాటికి మాగ్నస్ కార్ల్‌సన్ పదమూడింట పది పాయింట్లతో ప్రథముడయ్యెను. ఆనందు చివఱి ఆటలో చైనావాడైన వాంగ్ హావో చేత ఓడి ఎనిమిది పాయింట్లకు ఆగిపోయెను. ఎనిమిదిన్నర పాయింట్లతో ద్వితీయస్థానము పొందినవాడు అరోనియనే.